కబురు తిరిగి ఊరికి రావాలి

ప్రాథమిక వైద్యం ఏ ఒక్కరి చేతి మీదుగానో జరిగే పని కాదు. వికారాబాద్ జిల్లా పెద్దేముల్ మండలంలోని ఒక తండానే తీసుకుంటే, కొత్తగా నెల తప్పిన మహిళ సంగతి ముందుగా తెలిసేది ఆశా కార్యకర్తకు. ఆమె పేరు నమోదు చేసి, బీపీ, బరువు చూసేది ఏఎన్‌ఎం. రక్తం పరీక్షించేది ల్యాబ్ టెక్నీషియన్. మందు రాసేది మెడికల్ ఆఫీసర్, దాన్ని చేతికిచ్చేది ఫార్మసిస్ట్. గుడ్డు, పాలు, మధ్యాహ్న భోజనం చూసుకునేది అంగన్‌వాడీ టీచర్. కాన్పు కష్టమయ్యేలా ఉంటే 108 వాహనంలోని టెక్నీషియన్, తాండూరు ఆసుపత్రిలోని స్టాఫ్ నర్సులు, గైనకాలజిస్టు, మత్తు డాక్టరు, పిల్లల డాక్టరు కూడా ఈ వరుసలో చేరతారు. వీళ్లలో ఒక్కొక్కరికీ ఆ తల్లి గురించి ఎంతోకొంత తెలుసు. అంతా తెలిసినవాళ్లు మాత్రం ఒక్కరూ ఉండరు. ఒకరికి తెలిసింది మరొకరికి వేళకు అందడం మీదే తల్లీబిడ్డల క్షేమం ఆధారపడి ఉంటుంది. మందుల గురించి, మంచాల గురించి, యంత్రాల గురించి జరిగినంత చర్చ ఈ కబురు గురించి జరగడం లేదు.

వికారాబాద్ జిల్లా 2016 అక్టోబర్ 11న ఏర్పడింది. పాత రంగారెడ్డి జిల్లా పడమటి మండలాలకు మహబూబ్‌నగర్ జిల్లా నుంచి కొడంగల్ ప్రాంతాన్ని కలిపి దీన్ని చేశారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడి జనాభా 9,27,140. వీరిలో అత్యధికులు పల్లెల్లో, తండాల్లో ఉంటారు. తాండూరు దాటితే కర్ణాటక సరిహద్దు వస్తుంది. బషీరాబాద్ వైపు ఊళ్లలో కన్నడం వినిపిస్తుంది, పట్టణాల్లో ఉర్దూ, తండాల్లో లంబాడీ. నాపరాయి గనులు, పాలిషింగ్ యూనిట్లు, కంది చేలు ఇక్కడి బతుకుదెరువు. పని దొరకని నెలల్లో ముంబై, పుణె, హైదరాబాద్‌లకు వలసపోయే కుటుంబాలు చాలా ఉన్నాయి. జిల్లా కేంద్రం వికారాబాద్ అయినా, జిల్లా ఆసుపత్రి తాండూరులో ఉంది. 2023 సెప్టెంబర్‌లో వికారాబాద్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. అంటే రోగులు ఒక్క దిక్కుకే వెళ్లరు. కొందరు తాండూరుకు, కొందరు వికారాబాద్‌కు, ఇంకొందరు నేరుగా హైదరాబాద్‌కు, సరిహద్దు ఊళ్లవాళ్లలో కొందరు సేడం, చించోళి వైపు వెళ్తారు. ఎవరు ఎటు వెళ్లారో ఊళ్లోని ఏఎన్‌ఎంకు తెలియాలంటే ఎవరో ఒకరు చెప్పాలి.

ఈ సిబ్బంది అంతా ఒకేసారి, ఒకే ఆలోచనతో ఏర్పడిన జట్టు కాదు. 1946లో భోర్ కమిటీ పల్లెలకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు కావాలని చెప్పింది. తర్వాత మలేరియాకు ఒకరు, మశూచి టీకాలకు ఒకరు, కుటుంబ నియంత్రణకు మరొకరు అన్నట్టుగా సిబ్బందిని వేశారు. ఒకే గడపకు ముగ్గురు వచ్చేవాళ్లు, ముగ్గురూ వేర్వేరు పైఅధికారులకు లెక్కలు చెప్పేవాళ్లు, ఒకరు చూసింది ఇంకొకరికి చేరేది కాదు. ఈ పద్ధతి సరికాదని, అన్ని పనులూ తెలిసిన బహుళార్థ ఆరోగ్య కార్యకర్తలు కావాలని 1973లో కర్తార్ సింగ్ కమిటీ సిఫారసు చేసింది. నేటి ఏఎన్‌ఎం ఉద్యోగ స్వరూపానికి అదే పునాది. 1978 సెప్టెంబర్‌లో ఆల్మా ఆటాలో జరిగిన అంతర్జాతీయ సదస్సు ప్రాథమిక వైద్యం గురించి చెబుతూ డాక్టర్లు, నర్సులు, మంత్రసానులు, గ్రామ కార్యకర్తలు ఒక జట్టుగా పనిచేసేలా శిక్షణ పొందాలని ప్రకటించింది. 2005లో వచ్చిన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ సుమారు వెయ్యి మందికి ఒకరు చొప్పున ఆశా కార్యకర్తలను తెచ్చింది. ఇటీవల ఆరోగ్య ఉపకేంద్రాలను (సబ్‌సెంటర్లను) పల్లె దవాఖానాలుగా మార్చి, ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవల్ హెల్త్ ప్రొవైడర్) అనే కొత్త ఉద్యోగిని అక్కడ కూర్చోబెట్టారు.

కొత్త మనిషి వచ్చినప్పుడల్లా సేవ పెరుగుతుంది. దాంతోపాటు కబురు చేతులు మారాల్సిన చోటూ ఒకటి పెరుగుతుంది. అంగన్‌వాడీ టీచర్ది మరీ ప్రత్యేకమైన స్థితి. 1975లో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం (ఐసీడీఎస్) కింద ఆమె మహిళా శిశు సంక్షేమ శాఖకు పనిచేస్తుంది. ఆశ, ఏఎన్‌ఎం వైద్యారోగ్య శాఖవాళ్లు. ఒకే ఊరు, ఒకే గర్భిణి. కానీ రిజిస్టర్లు మూడు, శాఖలు రెండు.

ఆ మూడు రిజిస్టర్లు కలవకపోతే ఏమవుతుందో టీకాల రోజున బయటపడుతుంది. తెలుగు రాష్ట్రాల్లో బుధ, శనివారాలు టీకాల రోజులు. అంతకుముందే ఏ బిడ్డకు ఏ టీకా వేయాలో జాబితా తయారుకావాలి. సిబ్బంది దాన్ని డ్యూ లిస్ట్ అంటారు. ఏఎన్‌ఎం దగ్గర నమోదైన పిల్లల పేర్లే అందులో ఉంటాయి. ముంబై నుంచి పోయిన వారమే తిరిగొచ్చిన కుటుంబంలోని పసిబిడ్డ పేరు అందులో ఉండదు. ఆ బిడ్డ వచ్చిన సంగతి ఆశకు తెలుసు. ఒక్కోసారి ఆ బిడ్డ అన్నయ్యను అంగన్‌వాడీలో దింపడానికి తల్లి వచ్చినప్పుడు టీచర్‌కు ముందు తెలుస్తుంది. ముగ్గురూ నెలకోసారి ఒకచోట కూర్చుని రిజిస్టర్లు పక్కపక్కన పెట్టి ఇల్లిల్లూ సరిచూసుకుంటే ఇలాంటి పేర్లు జారిపోవు. రాజస్థాన్‌లో ఈ ముగ్గురూ కలిసి ఊరి పటం గీసి, జాగ్రత్తగా చూడాల్సిన గర్భిణులు, పిల్లలు ఉన్న ఇళ్లపై రంగు బొట్టుబిళ్లలు అంటించే పద్ధతి అమలుచేశారు. చదువు అంతంతమాత్రంగా ఉన్నవాళ్లకు కూడా ఏ ఇంటికి ముందు వెళ్లాలో ఆ పటం చూస్తే తెలిసిపోతుంది. ఖర్చు లేని పని ఇది. ప్రతి ఊళ్లోనూ చేయదగ్గది.

రక్తహీనత విషయంలో ఈ మాటల మార్పిడి ఎంత ముఖ్యమో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 గ్రాముల కన్నా తక్కువ ఉంటే రక్తహీనత, 7 కన్నా తక్కువ ఉంటే తీవ్రమైన రక్తహీనత. 2022 డిసెంబర్‌లో తెలంగాణ ప్రభుత్వం గర్భిణుల రక్తహీనతను తగ్గించేందుకు న్యూట్రిషన్ కిట్లను ముందుగా 9 జిల్లాల్లో మొదలుపెట్టింది. వాటిలో వికారాబాద్ ఒకటి. ఒక గర్భిణికి అయిదో నెలలో 8.5 గ్రాములు ఉందనుకుంటే, ఐరన్ మాత్రలు రోజుకు రెండు వేసుకోమని ఇచ్చి నెల తర్వాత మళ్లీ పరీక్షిస్తారు. నెలలో కనీసం ఒక గ్రాము పెరగకపోతే పెద్దాసుపత్రికి పంపి కారణం వెతకాలి. ఇక్కడ ల్యాబ్ టెక్నీషియన్‌కు రెండు అంకెలు తెలుసు. ఫార్మసిస్ట్‌కు ఎన్ని మాత్రలు ఇచ్చారో తెలుసు. ఆ గోలీలు వేసుకుంటే విరేచనం నల్లగా అవుతోందని భయపడి ఆమె వాటిని డబ్బాలో దాచిపెట్టిన సంగతి మాత్రం ఆశకే తెలుసు. వేసుకున్నా చాయ్‌తో కలిపి వేసుకుంటోందనీ, చాయ్ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదనీ చెప్పగలిగేదీ ఆశే. ఆమె మాట డాక్టరుకు చేరకపోతే, మందు పనిచేయలేదనుకుని ఆయన ఐరన్ ఇంజెక్షన్ రాస్తాడు, లేదంటే హైదరాబాద్‌కు రాసి పంపుతాడు. చేరితే, అయిదు నిమిషాలు కూర్చోబెట్టి భయం తీర్చి, మాత్ర ఎప్పుడు ఎలా వేసుకోవాలో చెబుతాడు. జబ్బు ఒకటే, మనిషి ఒకరే. ఒక్క మాట అందడం, అందకపోవడం వల్ల వైద్యమే మారిపోతుంది.

అత్యవసరంలో ఫోన్ మీద నడిచే మాట ఇంకా కీలకం. సబ్‌సెంటర్ నుంచి మెడికల్ ఆఫీసర్‌కు వచ్చే ఫోన్లు చాలావరకు ఇలా ఉంటాయి: "సార్, ఇక్కడొక పేషెంట్ కొంచెం సీరియస్‌గున్నది. ఏం చెయ్యమంటరు?" అవతలివైపు డాక్టరు ఓపీలో ఉంటాడు. ఎంత వయసు, ఎన్నో నెల, బీపీ ఎంత అని ఒక్కొక్కటే అడగాలి. ఆలోపు లైన్ తెగిపోతుంది. అదే ఫోన్ ఇలా కూడా చేయవచ్చు: "సార్, యాలాల నుంచి ఏఎన్‌ఎంను మాట్లాడుతున్న. 22 ఏండ్లామె, మొదటి కాన్పు, ఎనిమిది నెలలు నిండినయి. బీపీ 160/110 ఉన్నది, రెండుసార్లు చూసిన. బాగా తలనొప్పి, కండ్లు మసకలు అంటున్నది. మూత్రంల ప్రోటీన్ 2 ప్లస్ వచ్చింది. పోయిన నెల బీపీ 120/80 ఉండె. ఫిట్స్ వచ్చేటట్టున్నది సార్. 108కు చెప్పిన. మెగ్నీషియం మొదటి డోసు ఇచ్చి తాండూరుకు పంపమంటరా?"

అర నిమిషంలో అయిపోయే ఈ మాటల్లో ఒక వరుస ఉంది. ఇప్పుడేం జరుగుతోంది, ఇంతకుముందు ఎలా ఉంది, చెప్పేవాళ్ల అంచనా ఏమిటి, ఏం కావాలి. అమెరికా నౌకాదళం జలాంతర్గాముల్లో మొదలైన ఈ వరుసను ఆ దేశపు ఆసుపత్రులు అందిపుచ్చుకుని నర్సులకూ డాక్టర్లకూ నేర్పాయి. ఇప్పుడు చాలా దేశాల్లో వాడుతున్నారు. నాలుగింటిలో మన సిబ్బందికి కష్టమనిపించేది మూడోది. బీపీ అంకె చెప్పడానికి ఏఎన్‌ఎం జంకదు. "ఫిట్స్ వచ్చేటట్టున్నది" అనడానికి జంకుతుంది. జబ్బు పేరు చెప్పడం డాక్టరు పని అని ఆమెకు మొదటినుంచీ నూరిపోశారు. పల్లెల్లో గుర్రపువాతం అని పిలిచే ఈ స్థితిలో నిమిషాలు విలువైనవి కాబట్టి, ఆమె అంచనా చెప్పే హక్కు ఆమెకు ఉందని డాక్టరే ముందుగా చెప్పి ఉంచాలి.

ఫోన్‌లో డాక్టరు చెప్పింది విన్నవాళ్లు మళ్లీ చెప్పి సరిచూసుకోవడం మరో మంచి అలవాటు. మెగ్నీషియం సల్ఫేట్ 10 గ్రాములు, ఒక్కో పిరుదుకు 5 గ్రాముల చొప్పున, కండరంలో లోతుగా అని ఆయన చెబితే, నర్సు అదే మాట తిరిగి చెప్పి ఔననిపించుకుని సూది పట్టాలి. సిగ్నల్ సరిగా అందని చోట ఒక్క అంకె తేడాగా వినబడినా ప్రాణం మీదికి వస్తుంది.

జట్టులో అందరికన్నా ఎక్కువ ఇళ్లు తిరిగేది ఆశా కార్యకర్త, అందరికన్నా తక్కువగా మాట్లాడేదీ ఆమే. జీతం కాకుండా పారితోషికం మీద పనిచేస్తుంది. నెలకోసారి ఆరోగ్య కేంద్రంలో ఆశా డే జరుగుతుంది. ఉద్దేశం మంచిదే. కానీ చాలాచోట్ల అది లెక్కలు అప్పజెప్పే రోజుగా మారింది. ఎంతమంది గర్భిణులు, ఎన్ని కాన్పులు, ఎన్ని కఫం నమూనాలు అన్న ప్రశ్నలతోనే గంటలు గడిచిపోతాయి. ఊళ్లో ఏం చూశావమ్మా, ఎక్కడ ఇబ్బంది పడుతున్నావు అని అడగడానికి సమయం మిగలదు. లక్ష్యం తగ్గినందుకు అందరి ముందూ మందలింపు తిన్నామె వచ్చే నెల సమస్య చెప్పదు, సర్దిన అంకె చెబుతుంది. ఆశా డేలో మొదటి అరగంట అంకెలు పక్కనపెట్టి ఊళ్ల సంగతులు వినడానికి కేటాయిస్తే ఆ సమావేశం పేరుకు తగ్గట్టు ఉంటుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఈ విషయంపైనే ఒక విధాన పత్రం వెలువరించింది. వేర్వేరు వృత్తులవాళ్లు చదువుకునేటప్పుడే ఒకరితో ఒకరు, ఒకరి నుంచి ఒకరు నేర్చుకోవాలన్నది దాని సారం. మన దగ్గర ఎంబీబీఎస్ విద్యార్థి ఒకచోట, నర్సింగ్ విద్యార్థిని మరోచోట, ఫార్మసీ, ల్యాబ్ విద్యార్థులు ఇంకోచోట చదివి, ఉద్యోగంలో చేరిన రోజే మొదటిసారి కలుస్తారు. అప్పటికే ఎవరి ముందు ఎవరు కూర్చోవాలో మనసులో స్థిరపడి ఉంటుంది. వికారాబాద్ వైద్య కళాశాల కొత్తది, చుట్టూ పల్లె దవాఖానాలు ఉన్నాయి. విద్యార్థులు ఏఎన్‌ఎంల వెంట తండాలకు వెళ్లి, వాళ్ల దగ్గర నేర్చుకునే పద్ధతి పెట్టడానికి ఇంతకన్నా అనువైన చోటు ఉండదు.

అన్నిటికన్నా పెద్ద లోటు తిరుగు కబురుది. ఊరి నుంచి ఆసుపత్రికి మనిషితోపాటు ఏదో ఒక కాగితం వెళ్తుంది. ఆసుపత్రి నుంచి ఊరికి తిరిగొచ్చే కాగితంలో ఆ ఊరి సిబ్బందికి ఉద్దేశించిన మాట ఒక్కటీ ఉండదు. ఆపరేషన్ కాన్పు అయిన బాలింతను ఆసుపత్రి ఇంటికి పంపుతుంది. కుట్లు ఎప్పుడు చూడాలి, బీపీ మాత్రలు ఎన్నాళ్లు వేసుకోవాలి, బిడ్డ బరువు తక్కువైతే మళ్లీ ఎప్పుడు తూచాలి అన్నవి డిశ్చార్జి కాగితం మీద ఇంగ్లిషులో, డాక్టరుకు మాత్రమే అర్థమయ్యే పొట్టి అక్షరాల్లో ఉంటాయి. ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో బాలింత ఇంటికి వెళ్లి తల్లినీ బిడ్డనూ చూడాలన్నది నియమం. ఆసుపత్రిలో కాన్పు జరిగిన ఈ తల్లి ఏ రోజు ఇంటికొచ్చిందో, లోపల ఏం జరిగిందో తెలియకుండా ఆమె గడప తొక్కుతుంది. తాను పంపిన గర్భిణి ఏమైందో ఏఎన్‌ఎంకు కూడా చుట్టాలు చెబితేనే తెలుస్తుంది. తన అంచనా సరైందో కాదో తెలియని మనిషి అనుభవం నుంచి నేర్చుకునేదేముంటుంది? డిశ్చార్జి కాగితం కింద తెలుగులో నాలుగు వరుసలు ఏఎన్‌ఎం పేరున రాయడానికి నర్సుకు రెండు నిమిషాలు పడుతుంది. ఈ ఒక్క మార్పు ఇంకే కొత్త యాప్ కన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

పుట్టింటికి పోయే ఆచారం ఈ లోటును ఇంకా పెంచుతుంది. మొదటి కాన్పుకు ఏడో నెలలో పుట్టింటికి తీసుకుపోతారు. పుట్టిల్లు సరిహద్దు అవతల ఉంటే రాష్ట్రమే మారిపోతుంది. అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నిటికీ ఆధారం తల్లీబిడ్డల రక్షణ కార్డు, దాని మీది ఆర్‌సీహెచ్ నంబరు అనే గుర్తింపు సంఖ్య. 2017లో కేసీఆర్ కిట్ పథకం వచ్చాక గర్భిణుల వివరాలు ఆన్‌లైన్‌లో నమోదు కావడం వల్ల జిల్లా మారినా వెతకడం సులువైంది. సరిహద్దు దాటితే మళ్లీ కార్డే దిక్కు. ఇక్కడి ఏఎన్‌ఎం అక్కడి ఏఎన్‌ఎంకు ఒక ఫోన్ చేసి ఫలానా ఆమె వస్తోంది, రక్తం తక్కువ అని చెబితే సగం భారం తగ్గుతుంది.

క్షయ విషయంలో ఈ ప్రాంతానికి పాత అనుబంధం ఉంది. అనంతగిరి కొండల్లోని క్షయ ఆసుపత్రి నిజాం కాలం నాటిది. మంచి గాలి, విశ్రాంతి తప్ప మందు లేని రోజుల్లో రోగులను అక్కడ ఉంచేవారు. ఇప్పుడు మామూలు క్షయకు ఇంటి దగ్గరే 6 నెలల మందు. అంటే వైద్యం ఆసుపత్రి గోడలు దాటి ఊళ్లోకి వచ్చింది, కబురు బాధ్యతా వెంట వచ్చింది. రెండు వారాలకు మించి దగ్గుతున్నవాళ్లను ఆశ గుర్తించాలి, కఫం ల్యాబ్‌కు చేరాలి, ఫలితం డాక్టరుకు, రోగికి, మళ్లీ ఆశకు తెలియాలి. తాండూరు చుట్టుపక్కల ఇంకో మాట కూడా చెప్పాలి. రాతి పని చేసేవాళ్ల దగ్గు అంతా క్షయ కాదు. సిలికా ఉన్న దుమ్ము ఏళ్లతరబడి పీలిస్తే సిలికోసిస్ వస్తుంది, అది ఉన్నవాళ్లకు క్షయ వచ్చే ముప్పూ ఎక్కువ. రోగి పాలిషింగ్ యూనిట్‌లో పదేళ్లు పనిచేశాడన్న సంగతి ఓపీ చీటీ మీద ఉండదు, ఊళ్లో అందరికీ తెలుసు. ఆ ఒక్క ముక్క చీటీ మీదికి ఎక్కితే డాక్టరు ఎక్స్‌రేను వేరే కళ్లతో చూస్తాడు. మధ్యలో పుణెకు వలసపోతే, క్షయ రోగుల వివరాలు ఉండే నిక్షయ్ ఆన్‌లైన్ నమోదు ద్వారా అతని వైద్యాన్ని అక్కడి కేంద్రానికి బదిలీ చేయవచ్చు. వెళ్తున్నానని అతను ముందుగా చెప్పాలి, విన్న ఆశ అది పైకి చేరవేయాలి.

వాట్సాప్ వచ్చాక ఈ పనులన్నీ తేలికయ్యాయని అనుకుంటారు. కొంత నిజమే. కానీ గ్రూపులో పెట్టిన సందేశాన్ని చూశారో లేదో, ఎవరు బాధ్యత తీసుకున్నారో తెలియదు. పైగా రోగి పేరు, ఫొటో, రిపోర్టు వందమంది ఉన్న గ్రూపులోకి వెళ్తాయి. హెచ్‌ఐవీ ఉన్నవారి వివరాలు వారి అనుమతి లేకుండా బయటపెట్టడం 2017 నాటి చట్టం ప్రకారం నిషిద్ధం. అవసరమైనవాళ్లకు చెప్పడం ఎంత ముఖ్యమో, అవసరం లేనివాళ్లకు చెప్పకపోవడమూ అంతే. 2021 సెప్టెంబర్ 11న డ్రోన్ల ద్వారా మందులు, టీకాలు పంపే ప్రయోగం వికారాబాద్‌లోనే మొదలైంది. రోడ్డు లేని చోటికి టీకా చేర్చగలగడం గొప్ప విషయమే. దిగిన పెట్టెలో చల్లదనం 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉందా అని చూసి పంపినవాళ్లకు చెప్పే మనిషి మాత్రం కింద ఎదురుచూస్తూ ఉండాల్సిందే.

కాన్పులో తల్లి చనిపోతే ఎందుకు చనిపోయిందో విచారించే పద్ధతి ఉంది. ఆరోగ్య కేంద్రంలో, ఆసుపత్రిలో, చివరికి జిల్లా స్థాయిలో సమీక్షిస్తారు. ఇంట్లో నిర్ణయం ఆలస్యమైందా, దారిలో ఆలస్యమైందా, ఆసుపత్రిలో వైద్యం అందడం ఆలస్యమైందా అని చూస్తారు. ఈ సమీక్ష తప్పు ఎవరిదో తేల్చి శిక్షించడానికి కాదని మార్గదర్శకాలే చెబుతున్నాయి. అమలులో అది మెమోలు ఇచ్చే సమావేశం అయితే తర్వాతి మరణంలో నిజాలు దాచిపెడతారు. ఏఎన్‌ఎం ఫోన్ చేసిందా, ఎవరు ఎత్తారు, ఎత్తినవాళ్లు ఎవరికి చెప్పారు అన్న ప్రశ్నలకు భయం లేకుండా జవాబు చెప్పగలిగినప్పుడే రెండో తల్లి బతుకుతుంది.

సిబ్బంది మధ్య కబురు సరిగా నడవడంలో ఇంటివాళ్లకూ పాత్ర ఉంది. తల్లీబిడ్డల రక్షణ కార్డును బీరువాలో దాచకుండా ఎటు వెళ్లినా వెంట తీసుకెళ్లండి. ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు డిశ్చార్జి కాగితం మీద ఏమి రాశారో తెలుగులో చెప్పించుకోండి. ఇంటికి చేరిన రోజే ఊళ్లోని ఆశా కార్యకర్తకు, ఏఎన్‌ఎంకు ఆ కాగితం చూపించండి.